తొమ్మిదో బొమ్మ

కిందటి దసరా దాటిన రెండో ఆదివారం, పొద్దున ఏడు గంటల ఇరవై నిమిషాలకు, ఎల్లారెడ్డి శివారులోని నా చెలకలో ఆయన నన్ను ఒక మాట అడిగాడు. ఒక్క మాటే. నేను జవాబు చెప్పాను. ఆ జవాబు విన్నప్పటి నుంచి ఆయన భార్య నాతో మాట్లాడదు. ఆయన పోయి నెల దాటింది. ఇక ఆమె మాట్లాడుతుందన్న ఆశ నాకు లేదు.

ఆయన పేరు రాయను. కామారెడ్డిలో ఆయన ఉండే గల్లీలో కూడా పేరుతో పిలిచేవాళ్ళు తక్కువే. ముందర ‘విమానాలాయన’ అనేవాళ్ళు, వెనక ఇంకోటి అనేవాళ్ళు. నేను తమ్మీ అనేవాణ్ణి. ఆయన నాకంటే ఏడేళ్ళు చిన్న. నేర్పేది ఆయన, నేర్చుకునేది నేను. తిట్లు తినేది కూడా నేనే.

మొదటిసారి చూసినప్పుడు స్కూటర్ వెనక ఒక పొడుగాటి అట్టపెట్టె తాళ్ళతో కట్టుకుని వచ్చి, నా గట్టు మీద నిలబడి ఉన్నాడు. భూమి కొనడానికి వచ్చినవాళ్ళు నేల చూస్తారు, కాలితో మన్ను తన్ని చూస్తారు. ఈయన తల ఎత్తి పైకి చూస్తున్నాడు.

“ఏంది తమ్మీ, మీద ఏం పోగొట్టుకున్నవ్?” అన్నాను.

“తీగలు లెవ్వు అన్న, నీ చెలక మీద.”

“బోరే ఎండిపాయె. ఇగ తీగలెందుకుంటయ్?”

“కామారెడ్డిల ఎటు జూసినా తీగలే, టవర్లే. నువ్వు సరేనంటే గీడ గంటసేపు విమానం ఎగిరిపిస్త.”

“డ్రోనా? మందు కొట్టేదా?”

ఆ మాటకు ఆయన ముఖం మాడిపోయింది. “డ్రోన్ దానంతటదే నిలవడతది అన్న. దీన్ని మనం నిలవెట్టాలె” అన్నాడు.

పెట్టె విప్పి రెక్కలు బిగించాడు. ఇంజను గడ్డి కోసే మిషనుది, తానే మార్చుకున్నాడు. అది లేచింది. పిల్లిమొగ్గలు వేయిస్తాడనుకున్నాను. వేయించలేదు. చక్కగా పోయి, పైకి లేచి, వెల్లకిలా తిరిగి, కిందికి దిగి ఒక గుండ్రం గీసింది. బావిలో దించే సిమెంటు ఒర ఎంత గుండ్రంగా ఉంటుందో అంత గుండ్రం. ఎక్కడ మొదలుపెట్టిందో సరిగ్గా అక్కడికే వచ్చి, మళ్ళీ చక్కగా పోయింది.

“మొదలువెట్టిన కాడికే వచ్చింది గదా!” అన్నాను.

ముందు విమానం దింపాడు. దింపాక మొదటిసారి నా ముఖం సరిగ్గా చూశాడు. “అందరు ఎంత మీదికి పోతదని అడుగుతరు. ఎంత ధర అని అడుగుతరు. గది నువ్వెట్ల జూసినవ్?”

“ముప్పై ఏండ్లు నాగలి పట్టిన. సాలు ఎటు పోతున్నదో చూడకుంటే కడుపు నిండుతదా?”

ఆయన వచ్చే ఆదివారం కూడా వచ్చాడు. ఆ తరువాత నాలుగేళ్ళు వచ్చాడు.

ఆయన గల్ఫులో పద్నాలుగేళ్ళు చేసిన పని, ఇలాంటి విమానాలు ఎగరేసే మైదానంలో అవి లేచి దిగే దారి మీద ఇసుక ఊడవడం. అక్కడి పెద్దమనుషులు ఆకాశంలో బొమ్మలు గీసే పోటీ పెట్టుకునేవారట. ఎగరేసేవాడు కళ్ళు విమానం మీది నుంచి తీయకూడదు కాబట్టి, వెనక ఒక మనిషి నిలబడి తరువాతి బొమ్మ ఏదో చెబుతూ ఉండాలి. ఒకరోజు ఆ మనిషి రాకపోతే చీపురు పక్కన పెట్టి ఈయన నిలబడ్డాడు. ఆ తరువాత ఊడ్చే పనితో పాటు అదీ ఆయన పనే అయింది. ఎండకు అందరూ వెళ్ళిపోయాక మధ్యాహ్నం పూట ఒక ముసలాయన ఈయన చేతికి రిమోట్ ఇచ్చేవాడు. పోటీలో మాత్రం నిలబడే హక్కు లేదు. ఊడ్చేవాడు కదా.

అక్కడి నుంచి ఒక కాగితం తెచ్చుకున్నాడు. అందులో పదకొండు బొమ్మలు వరుసగా ఉన్నాయి. ఒకటి ముగిసిన చోట ఇంకొకటి మొదలు. పదకొండూ ఆపకుండా, తప్పు లేకుండా, తన కళ్ళ ముందు ఒక్కసారి చూడాలని ఆయన కోరిక. తానెప్పుడూ ఎనిమిది దాటలేదట.

నేను యాభై రెండో ఏట పంచాయతీ వరండాలో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. కాగితం ఎవరు చేతికిచ్చినా ముందు భయపడతాను. ఆ కాగితంలో అక్షరాలు లేవు. ఒక చుక్క దగ్గర గీత మొదలవుతుంది, వంగుతుంది, తిరుగుతుంది, చిన్న అడ్డగీత దగ్గర ఆగుతుంది. చుక్క అంటే మొదలు, అడ్డగీత అంటే కొస. అక్షరాలకు నాకు రెండేళ్ళు పట్టింది. దీనికి ఒక పూట పట్టింది. చదవడం వరకే. గీయడం వేరే సంగతి.

మొదటి నెల ఆయన రిమోట్ నా చేతికి ఇవ్వలేదు. థర్మాకోల్‌తో జానెడు విమానం చేసి, తుమ్మ కర్రకు గుచ్చి ఇచ్చాడు. దాన్ని పట్టుకుని చెలకలో నడవాలి. బొమ్మ పైకి పోతే చెయ్యి పైకి. విమానం వెల్లకిలా తిరిగితే కర్ర తిప్పాలి. గుండ్రం అయితే చేత్తో గుండ్రం తిప్పుకుంటూ అడుగులు వేయాలి. ముందు నేను, వెనక ఆయన, ఇద్దరి చేతుల్లో రెండు కర్రలు. అటు మేకలు కాసే నర్సవ్వ మూడు వారాలు చూసి చూసి ఊరుకోలేకపోయింది.

“ఏం బావా, గీ ఈడుల గిదేం ఆటనే? ఇంట్ల అక్కకు ఎర్కేనా?”

“ఎర్కే. నీ మేకలు జూసి నేర్చుకుంటయ్, జర దూరం తోలు.”

“నేర్చుకుంటే మంచిదే. ఎగిరొస్తయ్ ఇంటికి. నాకు నడక తప్పుతది” అంది.

ఆయన నవ్వలేదు. “అన్న, మూడో బొమ్మల నీ చెయ్యి వంగింది. మళ్ళ మొదటి నుంచి” అన్నాడు.

మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. ఫ్లాస్కులో చాయ తెచ్చేవాడు. బొమ్మ సరిగ్గా వస్తే మొదటి గ్లాసు నాకు పోసేవాడు. రాకపోతే అటు తిరిగి కూర్చుని మొత్తం తానే తాగేవాడు. మొదటి ఏడాది ఆయన చాయ రుచి ఎలా ఉంటుందో నాకు తెలియదు.

నాకు పెద్ద ఇబ్బంది ఒక్కటే. విమానం నా నుంచి దూరంగా పోతుంటే బాగానే ఉండేది. నా వైపు తిరిగి వస్తుంటే మాత్రం కుడి ఎడమలు తారుమారయ్యేవి. కుడికి తిప్పుతాను, అది నా ఎడమకు వస్తుంది. ఇంకా తిప్పుతాను, నేలను గుద్దుకుంటుంది. మూడు విరిచాను. విరిగిన ప్రతిసారీ ఆయన ముక్కలన్నీ ఏరి గోనెసంచి మీద వరుసగా పరిచేవాడు. ఏ ముక్క ముందు తగిలిందో చూసేవాడు. “ఈ రెక్క మొదలు తాకింది. నువ్వు భయపడి గుంజినవ్” అనేవాడు. నేను గుంజలేదంటే, “విమానం చెప్తున్నది గదా, మల్ల నువ్వెందుకు?” అనేవాడు.

నాలుగోది విరిగిన రోజు తిట్టలేదు. ముక్కల ముందు కూర్చుని అడిగాడు.

“అన్న, ఎడ్ల ముంగట నిలవడి జూస్తే దాపటెద్దు ఎలపటెద్దయితదా?”

జోడెడ్లలో ఎడమ పక్కన కట్టేది దాపట ఎద్దు. కుడి పక్కది ఎలపట. నాకు కోపం వచ్చింది.

“ఎట్లయితది? నువ్వు ఏడ నిలవడితే దానికేంది? దాపటది ఎప్పటికి దాపటదే.”

“మరి గదే. నువ్వు విమానం ముంగట నిలవడ్డవ్, గంతే. దానికి దాపట దాపటే.”

 ఇంకో విమానం ఎక్కించమన్నాను. అది నా వైపు తిరిగింది. నేను నిలబడ్డ చోటు మరిచి, దాని వెనక నాగలి మేడి పట్టుకుని వస్తున్నాను అనుకున్నాను. దాపట రెక్క వంగింది, ఎలపటకు సర్దాను. చక్కబడింది. ఆ రోజు నాకు చాయ దొరికింది. అప్పటి నుంచి ఆయన కూడా గల్ఫులో నేర్చుకున్న మాటలు మానేసి, నా వెనక నిలబడి దాపట, ఎలపట అనే చెప్పేవాడు.

రెండో ఏడు చలికాలంలో ఒకరోజు ఆయనే ఎగరేస్తున్నాడు. ఎండ మంచిగా ఉంది, గాలి లేదు. విమానం పైకి పోయి పక్కకు తిరిగింది. నాకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

“అన్న, ఏడున్నది?” అన్నాడు. పరాచికం అనుకున్నాను. “అన్న, ఏడున్నది? ఏడున్నదే?” అని అరిచాడు.

“గదిగో, నీ దాపటకు! కొంచెం మీదికి!” అని నేను వేలు చూపించే లోపే అది పక్కవాళ్ళ మొక్కజొన్న చేనులో పడింది.

ఎప్పటిలాగే ముక్కలు ఏరుకొచ్చి పరిచాడు. చాలాసేపు తడిమి తడిమి చూశాడు. “గుంజలే. నెట్టలే. చేతులు ఏం చెయ్యలే. ఊకనే ఉన్నయి” అన్నాడు. “కండ్లు లెవ్వు.”

కళ్ళకు నీటి కాసులు. డాక్టరు ఎప్పుడో చెప్పాడట. చుట్టూ అంచుల నుంచి చూపు మూసుకుంటూ వస్తుందని, పోయింది తిరిగి రాదని. ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు ఉందన్నాడు. గొట్టం దాటి పక్కకు పోయిన విమానం ఆయనకు లేనట్టే.

“ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?” అన్నాను.

“చెప్తే నేర్చుకుంటుంటివా? జాలి పడుతుంటివి. జాలి పడేటోని చెయ్యి కుదురుగుండదు.” ముక్కలు సంచిలో వేస్తూ అన్నాడు, “గొట్టం మూసుకపోయేలోపల ఆ పదకొండు చూడాలె అన్న. నాతోని ఇగ కాదు. నువ్వే ఎగిరియ్యాలె.”

నేను మొరటు మనిషిని. ఆ మాట కూడా మొరటుగానే తీసుకున్నాను. “అయితే ఆదివారం ఒక్కటే సాలదు, బుధవారం గూడ రా” అన్నాను. ఆయన బుధవారాలు కూడా బస్సెక్కి వచ్చాడు. స్కూటర్ అప్పటికే మానేశాడు.

చూపు తగ్గిన కొద్దీ ఆయన విమానం వైపు తక్కువగా, నా మెడ వైపు ఎక్కువగా చూసేవాడు. “నీ మెడ చెప్తది అన్న. బొమ్మ వంగితే నీకంటె ముందు నీ మెడ బిగుసుకుంటది” అనేవాడు. తరువాత తరువాత మెడ కూడా సరిగ్గా కనబడక, భుజం మీద అరచెయ్యి వేసి నిలబడేవాడు.

పదకొండులో పది నాకు వచ్చాయి. తొమ్మిదోది రాలేదు. కాగితం మీద అది పాతిన గుంజలా నిలువు గీత. విమానం నిలువుగా పైకి పోవాలి. పోయి పోయి, ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం ఆగాలి. ఆగిన చోట ఒక రెక్క మీద తిరిగి, పోయిన దారినే కిందికి దిగాలి. ఎటు తిరగాలో గాలి చెబుతుంది. గాలికి ఎదురుగా తిరిగితే గీత మీద గీత పడుతుంది. గాలివాటుకు తిరిగితే కొట్టుకుపోతుంది, పోయిన దారి వేరు, దిగిన దారి వేరు.

నా ఎద్దులు సాలు కొసకు వచ్చాక ఎప్పుడూ దాపటకే మళ్ళేవి. నేనే అలా అలవాటు చేశాను. ముప్పై ఏళ్ళు రోజుకు ఎన్నిసార్లు మళ్ళేశానో లెక్క లేదు. ఎద్దులను అమ్మేశాను గానీ ఆ మళ్ళింపు నా చేతుల్లో ఉండిపోయింది. గాలి ఎలపట నుంచి కొడుతున్నా, పైన విమానం ఆగిందంటే నా బొటనవేలు దాపటకు పోతుంది.

“ఎద్దును మళ్ళేస్తున్నవ్ అన్న!” అని వెనక నుంచి నెత్తి కొట్టుకునేవాడు. “ఆడ సాలు లేదు, ఒడ్డు లేదు. గాలిని జూడు!”

నాలుగుసార్లు సరిగ్గా వచ్చేది. ఐదోసారి వేలు తన దారిన తాను పోయేది.

దసరా దాటిన ఆ ఆదివారం ఆయన భార్య గంగామణి కూడా వచ్చింది. ఆమె బీడీలు చుట్టి ఇల్లు నడిపిన మనిషి. విమానాలంటే ఆమెకు గిట్టదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా చెలకకు రాలేదు. ఆ ముందు వారం డాక్టరు చూసి, చూపు ఇక ఎక్కువ రోజులు ఉండదన్నాడు. అందుకని తన తమ్ముడు రాజేశం ఆటోలో ఆయన్ను కూర్చోబెట్టుకుని తెల్లవారకముందే కామారెడ్డి నుంచి బయలుదేరింది. నర్సవ్వ మేకలను ఆపి నిలబడింది. గాలి పడమటి నుంచి మెల్లగా వస్తోంది.

ఆయన నా వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. “ఒకటి” అన్నాడు.

ఒకటి పోయింది. రెండు, మూడు పోయాయి. నాలుగోది, ఆ గుండ్రం, మొదటి రోజు ఆయన గీసినట్టే వచ్చింది. ఏడోది వెల్లకిలా పోయేది, చెలక ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. నా మెడ వదులుగా ఉంది, నాకే తెలుస్తోంది. ఎనిమిది దాటింది. ఆయన ఎప్పుడూ దాటనిది.

“తొమ్మిది. నిలువు. గాలి ఎలపట” అన్నాడు.

విన్నాను. విన్నానని చెప్పడానికి తల కూడా ఊపాను. విమానం నిలువుగా పోయింది, ఆగింది. నా వేలు దాపటకు పోయింది.

గాలి దాన్ని పక్కకు తోసింది. ఎక్కిన గీతకూ దిగిన గీతకూ మధ్య నాలుగు బారల దూరం. ఆయన “పది” అన్నాడు. పది చేశాను. “పదకొండు” అన్నాడు. అదీ చేశాను. దింపాను. ఇంజను ఆపాను.

రాజేశం ఈల వేశాడు. నర్సవ్వ “అమ్మో, మస్తుగున్నది!” అంది.

ఆయన నా భుజం మీద నుంచి చెయ్యి తీయలేదు. “అన్న, ఎన్ని?” అన్నాడు.

“అన్నీ బావా! పదకొండుకు పదకొండు” అన్నాడు రాజేశం.

“నిన్ను అడగలె రాజేశం. అన్నను అడుగుతున్న.”

గంగామణి నా ఎదురుగా వచ్చి నిలబడింది. మిగిలిన ఆ కాస్త చూపుకు ఆయనకు కనబడదు కదా, నాకు కనబడేలా తల ఊపింది. అన్నీ అను, అని. తొమ్మిదో బొమ్మ పక్కకు పోవడం ఆమె చూసింది. బొమ్మలు తెలియకపోయినా, అది తప్పని నా ముఖం చూసి తెలుసుకుంది.

నేను సత్యవంతుణ్ణేమీ కాదు. ఎడ్ల బేరంలో అబద్ధాలాడాను. పంచాయితీలో ఆడాను. ఆ పూట కూడా అబద్ధం నాలుక దాకా వచ్చింది. అయితే ఆయనకు నా మాట తప్ప వేరే కన్ను లేదు. దానికి కూడా పొర కమ్మితే ఇంకేం మిగులుతుంది?

“పది” అన్నాను. “తొమ్మిదోది పోయింది. దాపటకు మళ్ళేసిన.”

గంగామణి నా మీదికి వచ్చింది. “ఏం మనిషివి బావా నువ్వు? ఒక్క మాట! ఒక్క మాట అబద్ధం చెప్తే నోరు పడిపోతుండెనా? ఆయనకు మళ్ళ కండ్లొస్తయా?”

నేను రిమోట్ నేల మీద పెట్టాను. 

“ఊకో గంగామణీ” అని ఆయన నేల మీద చతికిలబడ్డాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. “మిగిలిన పది ఖరారేనా?”

“ఖరారే.”

“నాలుగోది?”

“మొదలువెట్టిన కాడికే వచ్చింది.”

“ఏడోది? ఎల్లకిల పోయేటప్పుడు ముక్కు కిందికి దిగలేదా?”

“దిగలే. జానెడు గూడ దిగలే.”

“ఐదోది?”

ఒక్కొక్కటీ అడిగాడు. ఒక్కొక్కటీ చెప్పాను. అడిగేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు, చేత్తో గాలిలో గీసుకున్నాడు, కర్ర పట్టుకుని నడిచినప్పటిలా. పదీ అయ్యాక కళ్ళు తెరిచాడు.

“నువ్వు పదకొండు అంటివా అన్న, నాకు ఒక్కటి గూడ దక్కకపోయేది” అన్నాడు.

గంగామణి అప్పటికే ఆటోలో కూర్చుంది. ఆ మాట విన్నదో లేదో నాకు తెలియదు.

తరువాతి నెలలో గొట్టం పూర్తిగా మూసుకుపోయింది. అయినా రెండు మూడు ఆదివారాలు వచ్చి, గట్టు మీద కూర్చుని ఇంజను చప్పుడు విన్నాడు. ఒక ఆదివారం తొమ్మిదోది విడిగా చేశాను. గాలికి ఎదురుగా తిరిగింది, గీత మీద గీత పడింది. చెప్పాను. “ఊ” అన్నాడు. అది వరుసలోది కాదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆ తరువాత మళ్ళీ ఎప్పుడూ వరుస కుదరలేదు. పోయిన నెల గుండెపోటుతో పోయాడు.

పదకొండో రోజు కర్మకు కామారెడ్డిలో వాళ్ళింటికి వెళ్ళాను. రాజేశం ఎవరితోనో చెబుతున్నాడు, “మా బావ ఒక ముసలి రైతుతోని పదకొండుకు పదకొండు కొట్టిపిచ్చిండు” అని. అందరూ నా వైపు తిరిగారు. గంగామణి తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. అది ఆమె ఇల్లు. పోయినవాడు ఆమె మనిషి. నేను నోరు తెరవలేదు. తిని లేచి వచ్చాను.

అప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. ఆయన పదిని నమ్మి పోయాడు. ఇప్పుడు వీళ్ళు పదకొండు అంటే, ఆ పది కూడా కథలో కలిసిపోతుంది. అందుకే ఇది రాశాను. పది. నమ్మకం లేకపోతే అడగడానికి ఆ రోజు నా చెలకలో ఉన్నది వీళ్ళు: మేకలు కాసే నర్సవ్వ. ఆటో నడిపే రాజేశం. అతని అక్క గంగామణి. నేను. నా వెనక, భుజం మీద చెయ్యి వేసి, ఆయన.